బోర్లించిన రొట్టె

లియోన్, 28 సెప్టెంబరు 1987

అత్తకు,

నిలబడి చదువుతున్నావేమో, ముందు కూర్చో. కంగారు పడేంత ఏమీ లేదు. ఫాబ్రెగ్ గారు తన బేకరీ నాకు అమ్ముతానని రాశారు. అవును, మన బ్రెసాక్‌లో సంత పక్కన ఉన్నదే. ఆయనకు పిల్లలు లేరు కదా, "నీ చేతుల్లో పెడితే నాకు దిగులుండదు" అన్నారు. సంవత్సరం ఆఖరులోగా అవుననో కాదనో చెప్పాలట. అవునంటే ఆరు నెలలు నా పక్కన ఉండి నా చిన్నప్పటి ఆ క్రోసాంట్, వెన్న పొరల రొట్టె, దాని పిండి మడతలు నేర్పిస్తారట.

నాకు ముప్ఫై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా ఈ హోటల్ నేలమాళిగ వంటింట్లో చక్కెర పూలు చేస్తున్నాను. బయట వానో ఎండో తెలియదు. నేను చేసింది తిన్నవాళ్ళ మొహం ఒక్కటి కూడా చూడలేదు. వచ్చేయాలనే ఉంది. కానీ నేను కొనేది నాలుగు గోడల్ని కాదు, ఆ క్రోసాంట్‌ని. అది నిజంగా అంత బాగుంటుందా, లేక నా చిన్నతనమే అంత బాగుందా? నాలుగేళ్ళ క్రితం నాన్న అంత్యక్రియలకి వచ్చినప్పుడు తిన్నాను గాని, ఆ రోజు నోటికి ఏ రుచీ తెలియలేదు.

అందుకే నా బదులు నువ్వు తినాలి. ఫాబ్రెగ్ గారివి, వంతెన దగ్గరి విట్మేర్ గారివి, రెండు కొట్లవీ తెచ్చి పక్కపక్కన పెట్టుకుని తిని రాయి. నేను రావాలన్న కోరికతో రాయకు, నిజం రాయి.

నీ తమ్ముడి కూతురు,
క్లెమాన్స్

*

బ్రెసాక్, 3 అక్టోబరు

చిట్టితల్లీ క్లెమాన్స్,

నలభై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని ఊరందరి ఉత్తరాలకీ ముద్ర కొట్టాను గాని, ఇంత మంచి పని నాకెవరూ అప్పజెప్పలేదు. చక్కెర తగ్గించమని డాక్టరు చెప్పాడు. "ఇది తిండి కాదయ్యా, ఉద్యోగం" అన్నాను.

ఒక్క మాట. విట్మేర్ కొట్టు గడప నేను తొక్కను. ఇరవై ఆరేళ్ళుగా తొక్కలేదు. ఫాబ్రెగ్ గారికి సోమవారం సెలవు, వాడికి బుధవారం. ఊరికి రొట్టె లేని రోజు ఉండకూడదని అలా పంచుకున్నారు. సోమవారాలు డబ్బాలోని రస్కులు నమిలి బతుకుతాను తప్ప వంతెన వైపు పోను. అందుకని వాడి సరుకు పక్కింటి జినెత్ తెస్తుంది. ఆమె నోరు పెద్దదే గాని కాళ్ళు చురుకు.

ఇక నివేదిక. ఫాబ్రెగ్ గారిది, తిన్ననిది: పట్టుకోగానే పెచ్చు పగిలింది, ఒళ్ళంతా పొరలు. నా పిల్లి మినెత్ ఒక్క పొర కోసం అరగంట నా కాళ్ళు చుట్టుకుని తిరిగింది. లోపల మెత్తగా, తడిగా, వెన్న వాసన ముక్కుదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ ఏడాది మునుపటికన్నా బాగున్నాయి. విట్మేర్‌ది, వంకరది: ఏం చెప్పను? ఈ దేశంలో పాలు తాగే పిల్లకైనా తెలుసు, వెన్నతో చేసింది తిన్నగా ఉంటుంది, చవక నూనె వెన్న, ఆ మార్గరిన్‌తో చేసింది వంకరగా ఉంటుంది. ఒక ముక్క కొరికాను, అంగిలికి జిడ్డులా అంటుకుంది. కాఫీతో కడుక్కున్నాను.

ఒకే లోటు. ఫాబ్రెగ్ గారి దగ్గర బుధవారం క్రోసాంట్లు ఉండవు. ఎందుకండీ అంటే "బుధవారం నా చేతికి సెలవు" అన్నాడు. వయసు మీద పడింది పాపం.

నీ మేనత్త, ఇప్పుడు తిండి ఉద్యోగి,
సొలాంజ్

*

లియోన్, 12 అక్టోబరు

అత్తా,

నీ ఉత్తరం మా వంటింట్లో బయటికి చదివాను. నవ్వలేక చచ్చారు. కానీ నువ్వు నోటితో కాదు, కళ్ళతో తింటున్నావు. వంకరగా ఉందని తెలిశాకే నీకు జిడ్డు తగిలింది. ఈసారి కళ్ళు మూసుకుని తిను.

మునుపటికన్నా బాగున్నాయన్నావు. అరవై ఆరేళ్ళ మనిషి చెయ్యి ఉన్నట్టుండి బాగుపడటం నేనెక్కడా చూడలేదు. నాకు కుతూహలంగా ఉంది. కాఫీ ఎక్లేర్లు, ఆపిల్ గుజ్జు పెట్టి మడిచే పఫ్‌లు, నిమ్మ టార్టులు కూడా చూడు. రెండు కొట్ల క్రోసాంట్లు చెరొకటి బిస్కెట్ల డబ్బాలో పెట్టి నాకు పంపు. ఎండిపోయినా ఫరవాలేదు, కోస్తే పొరలు తెలుస్తాయి.

అన్నట్టు, ఇరవై ఆరేళ్ళ క్రితం విట్మేర్ గారు నిన్నేం చేశారు? ఇంట్లో ఎవరిని అడిగినా "అత్తనే అడుగు" అనేవాళ్ళు.

ముద్దులతో,
క్లెమాన్స్

*

బ్రెసాక్, 20 అక్టోబరు

అమ్మాయ్,

అడిగావు గనక చెబుతున్నా. 1961. వాడు ఊరికి కొత్త, అల్సాస్ నుంచి వచ్చాడు. ఒకరోజు వరసలో అందరి ముందూ "మీ రొట్టె అడుగు పచ్చిగా ఉందండీ" అన్నాను. నిజమే, పచ్చిగానే ఉంది. మర్నాడు నేను వెళ్ళేసరికి, అంతే మంది చూస్తుండగా, నా రొట్టె తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. బోర్లా! రాజుల కాలంలో తలలు నరికే తలారి కోసం పక్కనపెట్టే రొట్టెని అలా పెట్టేవారని, బోర్లించిన రొట్టె ఇంటికి అరిష్టమని మా నాయనమ్మ చేతి మీద కొట్టి మరీ నేర్పింది. పైగా మీ ఎతియెన్ మామయ్య అప్పుడు జైలు గార్డు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. రొట్టె అక్కడే వదిలేసి వచ్చాను. వాడు ఇంకా బల్ల మీద వేలితో టకటక కొడుతూనే ఉన్నాడు. మీ మామయ్యకి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఆ ఉద్యోగానికి లోలోపల ఎంత సిగ్గుపడేవాడో నాకు తెలుసు.

ఇక పని. ఎక్లేర్: ఫాబ్రెగ్ గారిదే గెలుపు, లోపలి మీగడలో కాఫీ నిజంగా చేదుగా ఉంది. ఆపిల్ పఫ్: సమానం. నిమ్మ టార్ట్ విషయంలో నోరు మూసుకుంటున్నాను. సరే, రాస్తాను, విట్మేర్‌ది బాగుంది. పులుపుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి, రెండోది కూడా తెప్పించాను. డబ్బా ఈ రోజే పంపుతున్నాను. తాడు నేనే కట్టాను, పోస్టాఫీసు ముడి, విప్పలేకపోతే కత్తిరించు. కళ్ళు మూసుకుని మాత్రం తినను. అరవై ఎనిమిదేళ్ళొచ్చాక దాగుడుమూతలా?

సొలాంజ్

*

లియోన్, 25 అక్టోబరు

అత్తా,

పని అయ్యాక నీ డబ్బా తెరిచి రెండింటినీ రంపపు కత్తితో అడ్డంగా కోశాను. తిన్ననిదానిలో ఇరవై ఏడు పొరలు. వంకరదానిలో ఇరవై ఏడు. ఒకటే ఉప్పు, చివర్లో ఒకటే తేనె వాసన. రెండింటిలోనూ అచ్చమైన వెన్న. మార్గరిన్ చుక్క కూడా లేదు, దాని వాసన నేను పది అడుగుల దూరం నుంచి పట్టేస్తాను.

ఇవి రెండూ ఒకే పిండి. జినెత్ గారు వంతెనదాకా నడవలేక విట్మేర్ గారిది కూడా ఫాబ్రెగ్ గారి కొట్లోనే కొని, దాన్ని దారిలో వంచి నీకు ఇవ్వడం లేదు కదా?

క్లెమాన్స్

*

బ్రెసాక్, 4 నవంబరు

క్లెమాన్స్,

ఎంత పని చేయించావే! జినెత్‌ని అడిగేశాను. కాల్చిన క్రోసాంట్‌ని వంచితే విరిగి పొడవుతుందని నాకు తట్టనే లేదు, నీకూ తట్టలేదు. నువ్వేమో పన్నెండేళ్ళ అనుభవం!

"నేను మోసం చేస్తానా?" అని జినెత్ గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచింది. "వానలో తడుస్తూ నీకు మోసుకొచ్చినందుకు ఇదా? రేపట్నుంచి నీ వంకరవి నువ్వే తెచ్చుకో. నీ కాళ్ళకేం రోగం?" నాలుగు రోజులు మాటల్లేవు. గోడవతల కుండలు కాస్త గట్టిగానే తోమింది.

అయిదో రోజు పొద్దున్నే రెండు కాగితం సంచులతో వచ్చింది. ఒక్కోదాని మీదా కొట్టు పేరు అచ్చు. తన తలగుడ్డ తీసి నా కళ్ళకి కట్టింది. పది ముక్కలు తినిపించింది. నేను ప్రతిదానికీ పేరు చెప్పాను, ధైర్యంగా, పోస్టాఫీసులో పిన్‌కోడ్లు చెప్పినట్టు. ఆరు తప్పు. "ఇదీ వెన్నంటే! ఇది ఫాబ్రెగ్ గారిది కాకపోతే నా పేరు సొలాంజ్ కాదు" అని నేనన్నది విట్మేర్ వంకరదాని కొస తిని. జినెత్ నవ్వలేక బొగ్గుల పెట్టె మీద కూలబడింది. నేనూ నవ్వాననుకో. కానీ తర్వాత ఒంటరిగా కూర్చుంటే బాగా అనిపించలేదు. ఇరవై ఆరేళ్ళు మంచి క్రోసాంట్‌ని చూసి మొహం తిప్పుకున్నానన్నమాట.

పేరు మార్చుకోవలసిన,
మీ అత్త

*

లియోన్, 13 నవంబరు

అత్తా,

ముందు జినెత్ గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. చాక్లెట్లు పంపుతున్నాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ఫాబ్రెగ్ గారి దగ్గర బుధవారం క్రోసాంట్లు ఉండవన్నావు. బుధవారం సెలవు ఎవరికి? ఇంకొకటి. మిగిలిన ముక్కలు మళ్ళీ తీసి చూశాను. చుట్టాక కొసని కిందికి నొక్కుతాం కదా, ఆ నొక్కు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, చేతిరాతలాగే. నువ్వు పంపిన రెండింటిలోనూ అది ఎడమ పక్కకి ఉంది. మీ ఊరి ఇద్దరిలో ఎడమచేతివాటం ఎవరిది?

ఫాబ్రెగ్ గారు నాకు నేర్పిస్తానన్న పిండి ఆయనది కాకపోతే, నేను కొంటున్నదేమిటి అత్తా? నాలుగు గోడలూ ఒక చల్లారిన పొయ్యీనా? నువ్వు స్వయంగా వెళ్ళి విట్మేర్ గారిని అడగాలి. నీకు ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. నాకు అక్కడ ఇంకెవరూ లేరు.

క్లెమాన్స్

*

బ్రెసాక్, 27 నవంబరు

క్లెమాన్స్,

ఇక్కడ చలి బాగా పెరిగింది. వెళ్ళాను. చెప్పుకోవలసిందేమీ లేదు. ఎడమచెయ్యి సంగతి నాకు గుర్తు లేదు. తిన్ననివే మేలు. నువ్వు నిశ్చింతగా అవునని చెప్పు.

అత్త

*

లియోన్, 1 డిసెంబరు

అత్తా,

ఆరు వాక్యాలు. పిల్లి లేదు, జినెత్ లేదు. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఆ కొట్లోకి వెళ్ళి "చెప్పుకోవలసిందేమీ లేదు" అంటే నేను నమ్మాలా? ఊళ్ళో ప్రతివాడూ రిజిస్టరు రశీదు మీద నీ ఎదుటే సంతకం పెట్టాడు. ఎవరిది ఏ చెయ్యో నీకు గుర్తు లేదా?

నిన్న నేను ఉద్యోగం వదిలేస్తున్నానని హోటల్‌కి కాగితం ఇచ్చేశాను. నీ మాట మీదే ఇచ్చాను. ఈ రోజు నీ ఉత్తరం మళ్ళీ చదివాక భయంగా ఉంది.

క్లెమాన్స్

*

బ్రెసాక్, 4 డిసెంబరు

నా తల్లీ,

నీకు అబద్ధం రాశాను. ఆ ఉత్తరం డబ్బాలో వేసిన మరుక్షణం వెనక్కి తీసుకోవాలనిపించింది. ఉద్యోగంలో ఉన్న రోజులైతే తాళం నా దగ్గరే ఉండేది.

రశీదుల మీద ఎడమచేత్తో సంతకం పెట్టేది విట్మేర్ ఒక్కడే. నీ ప్రశ్న చదవగానే నాకు తెలిసిపోయింది. మర్నాడు కోటు వేసుకుని వంతెన దగ్గరికి నడిచాను. కొట్టు ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. నాలుగోసారి లోపలికి వెళ్ళాను. ఎవరూ లేరు. విట్మేర్ చాలా ముసలివాడైపోయాడు. నన్ను గుర్తుపట్టాడు. వెనక అరలోంచి ఒక రొట్టె తీసి, బల్ల మీద బోర్లా పెట్టాడు.

తిరిగి వెళ్ళిపోబోతుంటే వేలితో అడుగున టకటక కొట్టాడు.

"పోతే పోయారుగాని ఈసారైనా విని పోండి, పోస్టాఫీసమ్మా! చప్పుడు వినండి. అడుగు కాలిందా లేదా?"

"అంటే?"

"అంటే ఏంటి! అడుగు పచ్చిగా ఉందని పదిమందిలో నా పరువు తీశారు. నిజమే, పొయ్యి కొత్త. రాత్రంతా దాంతో కుస్తీ పట్టి, మర్నాడు మీకోసం బాగా కాల్చి, అడుగు చూపిద్దామని తిప్పి పెట్టాను. మా నాన్న కొట్లో ఫిర్యాదు చేసినవాళ్ళకి అలాగే చూపించేవాళ్ళం. మీరేమో రొట్టె వదిలేసి పారిపోయారు. ఇరవై ఆరేళ్ళు! ఆ అడుగు చూడనే లేదు మీరు."

కుర్చీ ఇవ్వమన్నాను. తలారి సంగతి, మీ మామయ్య ఉద్యోగం సంగతి చెప్పాను. "నాకు తెలీదమ్మా" అన్నాడు. "ఒట్టు, నాకు తెలీదు. మీరొచ్చి నాలుగు తిట్టి ఉంటే పోయేది కదా!" నిజమే. తిట్టి ఉంటే పోయేది.

తర్వాత నీ ప్రశ్న అడిగాను. చాలాసేపు బల్ల తుడిచాడు. ఫాబ్రెగ్ గారి కుడి భుజం మొన్న ఈస్టరుకే పోయిందట, అప్పడాల కర్ర ఎత్తలేడట. అప్పటినుంచి రెండు కొట్లకీ క్రోసాంట్లు చుట్టేది విట్మేరే. ఆయనకి తిన్నగా, తనకి వంకరగా. "ఎందుకు?" అన్నాను. "నేను వచ్చిన ఏడాది పొయ్యి పగిలితే, నెల రోజులు నా రొట్టె తన పొయ్యిలో కాల్చి ఇచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. మేం శత్రువులమని అనుకోవడం మీ ఊరికి సరదా, మేమెందుకు కాదనాలి?" అన్నాడు.

"మరి మీవి మార్గరిన్‌వి అని ఊరంతా అనుకుంటుంటే నోరు విప్పరేం?"

"మా వైపు వెన్నవీ నెలవంకలాగే చుడతాం. నోట్లో పెట్టుకున్నవాళ్ళకి తెలియాలిగాని, నేను బోర్డు కట్టుకోవాలా?"

ఆయన ఒక్కటే బతిమాలాడు, నీకు చెప్పొద్దని. తెలిస్తే నువ్వు కొనవు, నువ్వు కొనకపోతే ఫాబ్రెగ్ గారికి దిక్కు లేదు. నేను ఇంటికి వచ్చి ఆ ఆరు వాక్యాలు రాశాను. ఫాబ్రెగ్ గారి కోసం కాదు. నువ్వు రావాలని. మీ నాన్న పోయాక ఈ ఊళ్ళో నన్ను "అత్తా" అనేవాళ్ళు లేరు. అంతే, ఇంకో కారణం లేదు.

నిన్న ఫాబ్రెగ్ గారి దగ్గరికి వెళ్ళి, నీకు అంతా రాస్తున్నానని చెప్పాను. సంతకాలయ్యాక తానే చెబుదామనుకున్నాడట. "సంతకాలయ్యాకా? సిగ్గులేదటయ్యా!" అన్నాను. నాకు మాత్రం సిగ్గు ఉందా అనుకుంటూ ఇంటికొచ్చాను.

నీ ఉద్యోగం కాగితం వెనక్కి తీసుకునే వీలుంటే తీసుకో. నామీద కోపం ఉంచుకో, న్యాయమే. కానీ ఉత్తరాలు మానకు.

సొలాంజ్

*

లియోన్, 19 డిసెంబరు

అత్తా,

వారం రోజులు కోపంగానే ఉన్నాను. ఆ తర్వాత, డిసెంబరు నాలుగో తేదీ ఉత్తరం రాయకుండా కూడా నువ్వు ఉండగలిగేదానివి కదా అనిపించింది. రాశావు.

ఫాబ్రెగ్ గారు ఫోన్ చేశారు. మాటలకన్నా దగ్గే ఎక్కువ. చివరికి "నన్ను క్షమించమ్మా, నా ఎక్లేర్లు మాత్రం నావే" అన్నారు. అది నాకు నువ్వు ముందే రాశావు, చేదుగా ఉన్నాయని. తర్వాత నేనే విట్మేర్ గారికి ఫోన్ చేశాను. నేను ఫాబ్రెగ్ గారి కొట్టు తీసుకుంటే నాకు ఆ పిండి నేర్పుతారా అని అడిగాను. పోటీ కొట్టుకి నేర్పడమేమిటని తిడతారనుకున్నాను. "తల్లీ, ఎనిమిది నెలలుగా రెండు కొట్లకి చుడుతున్నాను. ఒకదాని పని తీసుకో, నీకు పుణ్యం ఉంటుంది" అన్నారు.

అవునని రాసేశాను. నేను కొంటున్నది ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. నా కొట్లో క్రోసాంట్లన్నీ నెలవంకలే. ఒక్కటి కూడా తిన్నగా చుట్టను. సొలాంజ్ మేనకోడలు మార్గరిన్ అమ్ముతోందని ఊరంతా అంటుంది. అననీ. వరసలో మొదట నువ్వు నిలబడు, కళ్ళు మూసుకుని తిను, అందరూ చూసేలా.

జనవరి అయిదున సాయంత్రం బండికి వస్తున్నాను.

నీ క్లెమాన్స్

*

బ్రెసాక్, 31 డిసెంబరు 1987

క్లెమాన్స్,

నీ గది గోడలకి జినెత్ సున్నం వేయించింది, రంగు నేను చెప్పింది కాదు. నీ మంచం మీద ఇప్పటికే మినెత్ పడుకుంటోంది, లేపడం నావల్ల కాదు, వచ్చి నువ్వే చూసుకో.

ఆరో తేదీ ముగ్గురు రాజుల పండుగ. ఈసారి బుధవారం పడింది, విట్మేర్ గారికి సెలవు. పిలిచాను, వస్తానన్నారు. ఫాబ్రెగ్ గారు కూడా వస్తారు. బాదం కేకు ఇద్దరూ కలిసి చేస్తారట. ఫాబ్రెగ్ గారు చెబుతుంటే విట్మేర్ గారు పిండి వత్తుతారు, ఇద్దరూ అరుచుకుంటారు. లోపల దాచే చిక్కుడుగింజ నేనిచ్చాను, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళే ఆ రోజుకి రాజు. కేకు ముక్క ఎవరికని చెప్పడానికి చిన్నవాళ్ళు బల్ల కింద దూరాలి. మనలో చిన్నదానివి నువ్వే. ముప్ఫై నాలుగేళ్ళని వంకలు చెప్పకు, మోకాళ్ళ కింద దిండు వేస్తాను.

ఎప్పటిలాగే ఒక ముక్క ఎక్కువ కోస్తాం, చెప్పకుండా వచ్చేవాళ్ళ కోసం. ఇన్నేళ్ళూ అది మర్నాడు నేనే తినేదాన్ని.

చివరగా ఒక సంగతి. ఆ రోజు నువ్వు నాకన్నా ముందు భోజనాల గదిలోకి వెళితే, బల్ల మధ్యలో రొట్టె బోర్లా ఉంటుంది. ఎవరో పొరపాటున పెట్టారనుకుని సరిచేస్తావేమో. ముట్టుకోకు. విట్మేర్ గారు రాగానే అడుగు కనబడాలని నేనే అలా పెడతాను.

మీ అత్త,
సొలాంజ్